మేక విప్పేసే కాలంలో మనం తొడుక్కోవచ్చా? ఎండల్లో క్యాష్మియర్ గొడవ

మా బావ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. పోయినేడు ఏప్రిల్ ఆఖర్లో రాజమండ్రి వచ్చినప్పుడు వాళ్ళమ్మకి, అంటే మా మేనత్తకి, లేత బూడిదరంగు క్యాష్మియర్ స్వెటర్ ఒకటి తెచ్చాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి, హాల్లో కూలర్ గొంతు చించుకుంటోంది, ఈయన మాత్రం కవర్ విప్పుతూ "అమ్మా, ఇది నేచురల్ ఫైబర్, ఎండాకాలంలో కూడా వేసుకోవచ్చు, ఒంటికి గాలి ఆడుతుంది" అని చెప్పేస్తున్నాడు. అత్తయ్య దాన్ని ఓసారి చెంపకి ఆనించుకుని "మెత్తగా ఉంది నాన్నా, కానీ నాకు ఇప్పుడు చీర కొంగే బరువుగా ఉంది" అని బీరువాలో పెట్టేసింది. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తర్వాత ఆలోచిస్తే బావ చెప్పింది పూర్తిగా అబద్ధమేం కాదు, అత్తయ్య చేసింది తప్పూ కాదు. ఆన్‌లైన్లో వెతికితే ఇదే తంతు, సగం మంది క్యాష్మియర్ అంటే సహజమైన ఏసీ అంటారు, మిగతా సగం ఎండల్లో ఉన్ని వేసుకోడమేంటి పిచ్చా అంటారు. రెండు మాటల మధ్యలో ఎక్కడో చిక్కుముడి ఉంది, అది విప్పుదామని ఇది రాస్తున్నా.

ముందు మేక దగ్గర్నుంచి మొదలెడదాం. క్యాష్మియర్ అనేది గొర్రె ఉన్ని కాదు, మేక బొచ్చు. అది కూడా పైకి కనిపించే గరుకు వెంట్రుకలు కాదు, వాటి కింద చర్మానికి దగ్గరగా చలికాలంలో మాత్రమే మొలిచే సన్నటి నూగు. లడఖ్‌లో చాంగ్‌తాంగ్ అనే పీఠభూమి ఉంది, 4,000 మీటర్ల పైన, చలికాలంలో మైనస్ 30 కిందకి కూడా పోతుంది. అక్కడ చాంగ్పా అనే సంచార పశుపోషకులు ఈ మేకల్ని పెంచుతారు. చలి తగ్గి ఎండ తగలగానే మేకకి ఈ నూగు దానంతటదే ఊడిపోవడం మొదలవుతుంది, అప్పుడు దువ్వెనలాంటి దాంతో దువ్వి తీస్తారు. అంటే ఈ బట్ట పుట్టుకలోనే ఒక సమాధానం ఉంది, ఎండాకాలం వస్తే మేకే దీన్ని విప్పేస్తోంది! సరే, మేకకి ఏసీ ఆఫీసు లేదు, సెకండ్ ఏసీ ట్రైన్ టికెట్ లేదు, కాబట్టి ఆ ఒక్క ముక్కతో తేల్చెయ్యలేం.

పర్షియన్‌లో పశ్మ్ అంటే ఉన్ని, అందులోంచే పశ్మీనా అన్న మాట. యూరప్ వాళ్ళు కశ్మీర్‌ని పలికిన తీరులోంచి క్యాష్మియర్ వచ్చింది. రెండూ ఒకే జాతి సరుకు, పశ్మీనా అందులో బాగా సన్నది, చేత్తో వడికి మగ్గం మీద నేసింది. ఎంత సన్నం అంటే, అమెరికా చట్టం ప్రకారం క్యాష్మియర్ అని లేబుల్ వెయ్యాలంటే పోగు సగటు మందం 19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు) దాటకూడదు, 2008లో కశ్మీర్ పశ్మీనాకి వచ్చిన జీఐ గుర్తింపులో, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే ముద్రలో, ఆ హద్దు 16 మైక్రాన్లు. మన తల వెంట్రుక చాలామందికి 60, 70 మైక్రాన్లు ఉంటుంది. ఈ సన్నదనం ఎందుకు పనికొస్తుందో చెప్తా, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది.

బట్ట మనకి వేడి ఇవ్వదు. వేడి మన ఒంటిదే, కుదురుగా కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల బల్బు లాంటివాడు. బట్ట చేసేదల్లా ఆ వేడి బయటికి పోకుండా ఆపడం, నిజానికి ఆపేది కూడా దారం కాదు, దారాల మధ్య ఇరుక్కుని కదలకుండా ఉన్న గాలి. సన్నగా, ఉంగరాలు తిరిగి ఉండే పోగులు కొంచెం బరువుతోనే బోలెడు గాలిని పట్టి ఉంచుతాయి, అందుకే క్యాష్మియర్ తేలిగ్గా ఉండి వెచ్చగా అనిపిస్తుంది. ఇంతవరకు నిజం. ఇక్కణ్ణుంచి అమ్మేవాళ్ళు ఒక గెంతు గెంతుతారు, గొర్రె ఉన్ని కంటే 8 రెట్లు వెచ్చన అని. ఇది కొంచెం లెక్క చూసి నమ్మాల్సిన మాట.

బట్టల వెచ్చదనం కొలవడానికి ఇంజనీర్లకి క్లో అనే కొలత ఉంది, 1941లో అమెరికాలో పుట్టింది. ఏసీ ఇంజనీర్లు వాడే పట్టికల్లో ప్యాంటూ పొట్టి చేతుల షర్టూ కలిపి దాదాపు 0.57 క్లో, పల్చటి పొడుగు చేతుల స్వెటర్ ఒక్కటే 0.25, మందపాటి స్వెటర్ 0.36. గమనించారా, పల్చన మందం అన్నారు గానీ ఏ ఉన్నో అనలేదు. ఎందుకంటే తేడా ఎక్కువగా మందం వల్లే వస్తుంది, మేకా గొర్రా అన్నది తర్వాత మాట. 0.25ని 8తో గుణిస్తే 2 క్లో, అది మంచులో తిరిగేవాళ్ళు వేసుకునే మొత్తం కోట్లూ ప్యాంట్లూ కలిపిన లెక్క, ఒక పల్చటి స్వెటర్‌కి అంత సీన్ లేదు. ఇంకో సంగతి, కదలకుండా కూర్చున్న మనిషికి 0.1 క్లో పెరిగితే సుమారు 0.6 డిగ్రీలు తక్కువ ఉష్ణోగ్రతలో కూడా హాయిగా ఉంటుంది అని ఒక మోటు లెక్క ఉంది. అంటే పల్చటి స్వెటర్ కవర్ చేసేది డిగ్రీన్నర! అంతే. 24లో హాయిగా ఉండే మనిషి 22.5 దగ్గర కూడా హాయిగా ఉంటాడు. ఈ ఒక్క నంబర్ గుర్తుపెట్టుకుంటే చాలా వాదనలు అక్కడికక్కడే తెగిపోతాయి, అది మిమ్మల్ని ఎండలో చంపెయ్యదు, అలాగని ఎండ నుంచి కాపాడనూ కాపాడదు.

ఇక ఆ "గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది" అనే మాట. ఇందులో అసలు సైన్సు ఉంది, అదే సైన్సు మన కోస్తాలో ఎదురు తిరుగుతుంది, నాకు అన్నిటికంటే ఇంట్రెస్టింగ్‌గా అనిపించిన భాగం ఇదే.

ఉన్ని జాతి పోగులన్నీ కెరటిన్ అనే ప్రోటీన్, మన జుట్టూ గోళ్ళూ అదే. కెరటిన్‌కి గాల్లో తేమ తాగే అలవాటు ఉంది. మామూలు లాబ్ వాతావరణంలో, అంటే 65 శాతం తేమలో, ఉన్ని తన బరువులో దాదాపు 15, 16 శాతం నీళ్ళు దాచుకుంటుంది, కాటన్ అందులో సగం, పాలిస్టర్ అర శాతం కూడా ఉండదు. గట్టిగా తాగిస్తే ఉన్ని 30 శాతం దాకా తాగి కూడా ముట్టుకుంటే తడిగా అనిపించదు. కాబట్టి ఒంటి మీద సన్నగా పట్టిన చెమట ఆవిరి అయినప్పుడు అది స్వెటర్ పోగుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది, చర్మం దగ్గర జిడ్డు తెలియదు, వాసన కూడా పాలిస్టర్‌తో పోలిస్తే తక్కువ. దీన్నే అమ్మేవాళ్ళు సహజంగా ఉష్ణోగ్రత సర్దుతుంది అని చెప్పుకునేది.

కానీ నీటి ఆవిరి పోగులోకి వెళ్ళేటప్పుడు ఊరికే వెళ్ళదు, వేడి వదిలి వెళ్తుంది. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది కదా, దానికి తిరగేసిన బొమ్మ ఇది. ఇప్పుడు విశాఖపట్నంలో మే నెల సాయంత్రం ఏసీ ఆఫీసులోంచి బయటికి వస్తున్నారనుకోండి, లోపల తేమ 50 శాతం, బయట 80. లోపల ఉన్నప్పుడు స్వెటర్‌లో 12 శాతం నీళ్ళుంటే బయట అది 18 దాటే దాకా తాగుతూనే ఉంటుంది. 200 గ్రాముల స్వెటర్ అయితే అదనంగా ఓ 12 గ్రాముల నీళ్ళు, దాని వల్ల విడుదలయ్యే వేడి సుమారు 30 కిలోజౌళ్ళు, మీ ఒళ్ళు 5 నిమిషాలు విడిచే వేడితో సమానం. ఒక్కసారిగా కాదు, కాసేపటి మీద, అందులో కొంత బయటి గాలికే పోతుంది, అయినా సరే అప్పటికే 33 డిగ్రీల ఉక్కలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఎవరో వెనకనుంచి వేడి ఊదినట్టే. మీరు ఏసీలోకి తిరిగెళ్తే అదే స్వెటర్ ఆ నీళ్ళు వదిలేస్తూ కాస్త చల్లబరుస్తుంది, మీకు చలేస్తున్నప్పుడు! అంటే పాపం అది రెండు చోట్లా మీకు వ్యతిరేకంగానే పనిచేస్తోంది. చలిదేశంలో ఇదే గుణం వరం, పొడిగా వెచ్చగా ఉన్న ఇంట్లోంచి తేమగా చల్లగా ఉన్న వీధిలోకి వచ్చినప్పుడు స్వెటర్ ఒక రవ్వ వేడి అందిస్తుంది. మన దగ్గర బయట తేమే కానీ చల్లన కాదు, అదీ తిరకాసు.

మరి పొడి ఎండ సంగతి? రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గాలి ఒంటి కంటే వేడిగా ఉంటుంది. చర్మం 34, 35 డిగ్రీల దగ్గర ఉంటే బయట 44. అప్పుడు లెక్క మారుతుంది, వేడి లోపల్నుంచి బయటికి కాదు, బయట్నుంచి లోపలికి వస్తోంది, కాబట్టి వదులుగా ఉండే బట్ట నిజంగానే అడ్డుకుంటుంది. సైనాయ్ ఎడారిలో బెదుయిన్లు అనే సంచార జాతి వాళ్ళు నల్ల అంగీలు ఎందుకు వేసుకుంటారని 1980లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, నలుపు వేసుకున్నా తెలుపు వేసుకున్నా ఒంటికి చేరే వేడిలో తేడా లేదని తేలింది, నల్ల బట్ట పైన ఎక్కువ వేడెక్కినా ఆ వేడి చర్మం దాకా రాకుండానే పోతోంది. అంత దూరం ఎందుకు, తెలంగాణలో గొల్ల కురుమలు వానకీ చలికీ ఎండకీ ఒకే గొంగడి భుజాన వేసుకుని తిరిగిన వాళ్ళే కదా. కానీ చూడండి, గొంగడి కప్పుకోవడం, తలమీద వేసుకోవడం ఉంటుంది, ఒంటికి అతుక్కుని ఉండదు, మధ్యలో గాలి పారుతుంది. స్వెటర్ అలా కాదు, చంకల్లోనూ వీపు మీదా అంటుకుపోతుంది. కాబట్టి ఎడారి వాళ్ళు ఉన్ని వేసుకుంటారుగా అనే వాదన ఉందే, అది శాలువాకి కొంత పనికొస్తుంది, స్వెటర్‌కి పనికిరాదు.

గొంగడి గుచ్చుకుంటుంది, పశ్మీనా గుచ్చుకోదు, దీనికీ మైక్రానే కారణం. 30 మైక్రాన్లు దాటిన పోగు చివర చర్మంలోకి వంగకుండా పొడుస్తుంది, సన్నటి పోగు వంగిపోతుంది. చెమట పట్టి మెత్తబడిన చర్మానికి ఆ పొడవడం ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అందుకే చలికాలంలో బానే ఉన్న స్వెటర్ మార్చిలో దురద పెట్టిందంటే అందులో గరుకు పోగులు కలిశాయేమో అని నేనైతే అనుమానిస్తా.

అనుమానం అంటే గుర్తొచ్చింది. క్యాష్మియర్ వేసుకుంటే ఉడికిపోయాం బాబోయ్ అనేవాళ్ళలో చాలామంది అసలు క్యాష్మియర్ వేసుకునే ఉండరు. ఎగ్జిబిషన్ బయట రోడ్డు మీద మూడొందలకి పశ్మీనా అని అమ్మేది విస్కోసో (కలప గుజ్జుతో చేసే దారం) అక్రిలికో, మా చిన్నప్పుడు ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకున్న కాష్మిలాన్ స్వెటర్ ఉందే, ఆ పేరు చూసి కశ్మీర్ అనుకునేవాణ్ణి, అది అక్రిలిక్! ప్లాస్టిక్ అన్నమాట. ఒక మేక నుంచి ఏడాదికి వచ్చే నూగు వంద, రెండొందల గ్రాముల లెక్కలో ఉంటుంది, గరుకు వెంట్రుకలు ఏరేస్తే ఇంకా తగ్గుతుంది, ఒక స్వెటర్‌కి రెండు మూడు మేకలు కావాలి, అది మూడొందలకి ఎలా వస్తుంది చెప్పండి. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి, జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతే జంతువు బొచ్చు, కాగితం కాలిన వాసనైతే విస్కోస్, కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్. అది మేకదా గొర్రెదా అన్నది మాత్రం ఈ పరీక్షలో తేలదు, దానికి మైక్రోస్కోప్ కావాలి. ఉంగరంలోంచి శాలువా దూర్చి చూపిస్తారు చూడండి, దాన్ని చూసి మోసపోవద్దు, పల్చటి విస్కోస్ కూడా చక్కగా దూరుతుంది. ఇక ఎవరైనా గుసగుసగా షాతూష్ ఉంది సార్ అంటే అక్కణ్ణుంచి వచ్చెయ్యండి, అది టిబెట్ జింక చిరూని చంపితే వచ్చే బొచ్చు, మన దేశంలో కొనడం అమ్మడం నేరం.

ఇంతకీ ఎండాకాలంలో ఎవరికి పనికొస్తుంది అంటే, నిజంగా చలి ఉన్న చోట. వినడానికి తిక్కగా ఉన్నా మన ఎండాకాలంలో చలి బోలెడు ఉంది, మనమే కరెంటు బిల్లు కట్టి తయారుచేసుకుంటున్నాం. గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్ళ కుర్చీల వెనక స్టోల్ వేలాడుతూ ఉంటుంది, అది ఫ్యాషన్ అనుకునేరు. ఆఫీసు ఏసీ లెక్కలు ఎప్పుడో 1960ల్లో 40 ఏళ్ళు, 70 కిలోలు ఉన్న మగాడి ఒంటి వేడిని పెట్టుకుని కట్టినవని, ఆడవాళ్ళ ఒంటి వేడి అంతకంటే తక్కువని, అందుకే వాళ్ళకి ఎక్కువ చలేస్తుందని 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు రాశారు. మన దగ్గర 2020 నుంచి కొత్త రూమ్ ఏసీలు 24 డిగ్రీల మీదే ఆన్ అవ్వాలని రూల్ ఉంది, ఆన్ అయ్యాక రిమోట్ ఎవడి చేతిలో ఉంటే వాడిదే రాజ్యం అనుకోండి. ఇలాంటి చోట 150, 200 గ్రాముల పశ్మీనా శాలువా కంటే మంచిది నాకు తెలీదు. స్వెటర్ కాదు, శాలువా. లంచ్‌కి బయటికి వెళ్తే కుర్చీ మీద వదిలేసి పోవచ్చు, ఇందాక చెప్పిన నీటి ఆవిరి ఆట మీ వీపు మీద జరగదు. మడిస్తే బ్యాగులో ఓ మూల పడుంటుంది.

అసలు యూరప్‌లో ఈ సరుకుకి పిచ్చి పట్టింది కూడా ఇలాగే. నెపోలియన్ కాలంలో అక్కడి ఆడవాళ్ళు దోమతెరలాంటి పల్చటి మస్లిన్ గౌన్లు వేసుకుని వాటి మీద కశ్మీర్ శాలువాలు కప్పుకునేవాళ్ళు, ఆయన భార్య జోసెఫీన్ దగ్గరైతే గుట్టలుండేవి. లోపల పల్చన, పైన తీసి పెట్టగలిగే వెచ్చన. కాటన్ చీర మీద శాలువా కప్పుకున్న మన బామ్మలకి ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.

మా బావ కేసు వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జులై అంటే సముద్రం మీంచి పొగమంచు, మధ్యాహ్నం కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే, సాయంత్రమైతే గాలి కోసేస్తుంది. వాడికి ఎండాకాలపు స్వెటర్ అనేది రోజూ కనిపించే వస్తువు, అక్కడి షాపుల్లో అలాగే అమ్ముతారు, పల్చటి సింగిల్ ప్లై, అంటే ఒంటి పేట దారంతో చేసిన అల్లిక, లేదా కాటన్‌తోనో సిల్క్‌తోనో కలిపింది. ఆ మాట పట్టుకొచ్చి రాజమండ్రిలో చెప్పడమే వాడు చేసిన పొరపాటు. బెంగళూరులో రాత్రిళ్ళు, ఊటీ, అరకు ట్రిప్పులు, వానాకాలంలో హైదరాబాద్ సాయంత్రాలు కొన్ని, ఇక్కడ కూడా పల్చటిది నడుస్తుంది. కోస్తాలో బయట తిరగడానికైతే మే నెలలో ఏ మైక్రాన్ అయినా ఒకటే, ఆ ఉక్కలో 14 మంచిదా 16 మంచిదా అని చర్చించడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమే.

కొనేటప్పుడు ఒక్క చిట్కా చెప్తా. ఎండాకాలానికని కొంటే దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, అవతల మీ వేళ్ళు లీలగా కనిపించాలి. మెత్తదనం మాత్రం నమ్మకండి, షాపులో మరీ వెన్నలా ఉన్నదాన్ని కొన్నిసార్లు బాగా ఉతికి నూగు లేపి పెడతారు, అది నాలుగుసార్లు వేసుకునేసరికి చంకల్లో ఉండలు కడుతుంది.

అసలు మన వాతావరణంలో క్యాష్మియర్‌కి శత్రువు ఎండ కాదు, బీరువా. వెచ్చగా, తేమగా, చీకటిగా ఉంటే బట్టల పురుగుకి పండగ, మన వానాకాలం బీరువా అచ్చం అదే. పెద్దయి రెక్కలొచ్చి ఎగిరేది ఏమీ తినదు, దాని పిల్లపురుగు కెరటిన్ తింటుంది, అందులోనూ చెమట మరకా కూర మరకా ఉన్న చోటు అంటే దానికి మరీ ఇష్టం. ఒక్కసారి వేసుకున్నది కూడా ఉతక్కుండా లోపల పెట్టకూడదనేది అందుకే. ఉతకడానికి మామూలు సర్ఫు పొడి వద్దు, అందులో క్షారం ఎక్కువ, మరకల్లో ప్రోటీన్‌ని కరిగించే ఎంజైములు కూడా ఉంటాయి, ఇది మొత్తం ప్రోటీనే కదా! కుంకుడుకాయ రసం వడకట్టి పల్చగా చేసి వాడొచ్చు, లేత రంగైతే ఆ గోధుమరంగు పట్టే భయం ఉంటుంది కాబట్టి బేబీ షాంపూ మేలు. చల్లటి నీళ్ళు, నలపకూడదు పిండకూడదు, తువ్వాల్లో చుట్టి అదిమి నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాలి, తీగ మీద వేస్తే సాగుతుంది, ఎండలో వేస్తే తెల్లది పచ్చబడుతుంది.

దాచేటప్పుడు కలరా ఉండలు వేస్తారు అందరూ. పనిచేస్తాయి, కానీ ఇంట్లో పసిపిల్లలుంటే ఆ బీరువా బట్టలు వాళ్ళకి తగలనివ్వకండి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లలకి నాఫ్తలీన్ వల్ల రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. అత్తయ్యకి నేను వేరే ఉపాయం చెప్పా. ఉతికి బాగా ఆరిన స్వెటర్‌ని ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి కట్టి డీప్ ఫ్రిజ్‌లో రెండు వారాలు పెట్టమన్నా, మైనస్ 18లో గుడ్లతో సహా చస్తాయి, బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు, చల్లదనం పోయేదాకా ఆగాలి, లేకపోతే దాని మీద నీళ్ళు పడతాయి. "ఆవకాయ ముక్కల పక్కన స్వెటరేంట్రా" అంది కానీ పెట్టింది.

మొన్న జూన్‌లో హైదరాబాద్ వచ్చింది, సెకండ్ ఏసీలో. స్టేషన్లో దింపుకోడానికి వెళ్తే కాటన్ చీర మీద ఆ బూడిదరంగు స్వెటర్ వేసుకుని దిగింది. రాత్రంతా పైన ఏసీ గాలి, రైల్వే దుప్పటి ముట్టుకోబుద్ధి కాలేదట. ప్లాట్‌ఫారం మీద నాలుగు అడుగులు వేసిందో లేదో, "ఒరేయ్ ఆ సూట్‌కేసు కింద పెట్టు ముందు" అని అక్కడే నిలబడి స్వెటర్ తీసి నా చేతిలో పెట్టింది.